పక్కింటి అమ్మమ్మ

మీ ఇంటికి ఇండియా నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ సూట్‌కేసు ముందుగా ఎవరు తెరుస్తారు? మా ఇంట్లో ఆ పని నాదే. తాళం తీసి మూత ఎత్తగానే గుప్పుమని ఒక వాసన వస్తుంది. ఆవకాయ, కందిపొడి, కలరా ఉండలు, కొత్త బట్టలు, అన్నీ కలిసిన వాసన. మిగతా రోజుల్లో మా తంపినీస్ ఫ్లాటులో ఆ వాసన ఎంత వెతికినా దొరకదు. మీకూ తెలిసే ఉంటుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మమ్మ మొదటిసారి సింగపూరు వచ్చింది. హైదరాబాదు నుంచి విమానంలో నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటలూ ఒళ్ళో ఒక అట్టపెట్టె పెట్టుకుని కదలకుండా కూర్చుందట. అందులో ఉన్నవి ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకు మీరు తిన్నారా? కాగితం కన్నా పల్చగా ఉంటుంది. మధ్యలో నెయ్యి, బెల్లం పెట్టి మడతపెడతారు. సూట్‌కేసులో వేస్తే పొడి పొడి అయిపోతాయి. అందుకని ఒళ్ళో పెట్టుకుంది.

చాంగీలో బయటికి రాగానే నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట, "ఒక్కటి కూడా విరగలేదురా!"

నేనేం అన్నానో తెలుసా? "హాయ్" అన్నాను. అంతే. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు.

ప్రేమ లేక కాదు. మాటలు లేక. మన బళ్ళో మదర్ టంగ్ పిరియడ్ ఉంటుంది కదా. చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. ఇవి కాకుండా మరో ఐదు భారతీయ భాషలు తీసుకోవచ్చు: హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఈ పట్టికలో లేదు. అందుకని నా మదర్ టంగ్ హిందీ అయింది. మా మదర్‌కి మాత్రం హిందీ సరిగ్గా రాదు! ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగేవాళ్ళు, నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేవాణ్ణి. మీలో చాలామంది ఇంట్లో ఇలాగే జరుగుతుందని నాకు తెలుసు. అమ్మతో అయితే అలా నడిచిపోతుంది. అమ్మమ్మతో నడవదు.

కానీ అమ్మమ్మకి ఒక అలవాటు ఉంది. తెలియని ఇంగ్లీషు మాట ఏదైనా చెవిన పడితే గుర్తుపెట్టుకుని, రాత్రి గిన్నెలు సర్దుతున్నప్పుడు అమ్మని అడుగుతుంది. "ఏమే, లిఫ్ట్ లాబీ అంటే ఏంటే?" "టేక్ అవే అంటే?" ఒక్క మాట కూడా వదిలిపెట్టదు. ఈ అలవాటు సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే బాగుండేది.

వచ్చిన నాలుగో రోజు అనుకుంటా. బడి నుంచి వస్తున్నాను. మా క్లాసువాళ్ళు ఇద్దరు నాతో ఉన్నారు. లిఫ్ట్ దగ్గర అమ్మమ్మ నిలబడి ఉంది, నేత చీర కట్టుకుని, చేతిలో గొడుగు పట్టుకుని. నా కోసమే కిందికి వచ్చింది. నన్ను చూడగానే ఎంత గట్టిగా అడిగిందంటే, ఆ బ్లాకంతా వినిపించి ఉంటుంది. "ఏరా నాన్నా, అన్నం తిన్నావా?"

నా స్నేహితుడు నన్ను అడిగాడు, "హూ ఈజ్ దట్?"

నేను "నైబర్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సిగ్గేసింది. లిఫ్ట్ ఎక్కాం. నలుగురం పైకి వెళ్ళాం. వాళ్ళిద్దరూ ఏడో అంతస్తులో దిగిపోయారు. అమ్మమ్మ నా వీపు మీది బ్యాగు తీసి తన భుజానికి తగిలించుకుంది. ఏమీ అనలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు కదా, హమ్మయ్య అనుకున్నాను.

అమ్మమ్మకి నాన్న సింగపూరు అంతా చూపించాడు. సెంతోసా, గార్డెన్స్ బై ద బే, జూ, మెర్లయన్. అన్నిటికీ "బావుంది అల్లుడుగారూ, చాలా బావుంది" అనేది. అయితే ఆవిడకి నిజంగా నచ్చిన చోటు వేరే ఉంది. అది మా బ్లాకు కింద ఉన్న వాయిడ్ డెక్. వేరే దేశంలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళ కోసం చెప్తున్నాను: సింగపూరులో హెచ్‌డీబీ బ్లాకుల కింద, నేల అంతస్తులో ఇళ్ళు కట్టకుండా ఖాళీగా వదిలేస్తారు. గాలి బాగా వస్తుంది. సిమెంటు బల్లలు, కూర్చోవడానికి దిమ్మలు ఉంటాయి. అమ్మమ్మ దాన్ని "అరుగు" అనేది. వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు అరుగు ఉంటుంది. సాయంత్రమైతే అందరూ అక్కడే కూర్చుంటారు.

ఆ అరుగు మీద కూర్చుని అమ్మమ్మ లేసు అల్లేది.

మా అమ్మమ్మది సఖినేటిపల్లి. గోదావరి ఒడ్డున ఉంటుంది. అటువైపు ఒడ్డు నర్సాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడివాళ్ళకి నేర్పారు. కావలసినవి రెండే: సన్నటి నూలు దారం, కొన కొంచెం వంకీ తిరిగిన చిన్న సూది. దారాన్ని వేలికి చుట్టి, సూదితో లాగి, ముడి మీద ముడి వేస్తూ పోతే ఒక పువ్వు తయారవుతుంది. అలాంటి పువ్వులు చాలా చేసి ఒకదానికొకటి అతికిస్తే బల్ల మీద పరిచే గుడ్డ అవుతుంది. పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు, అతికించడాన్ని అతుకుపని అంటారు. ఒకరు ఒకటే చేస్తారు. మా అమ్మమ్మది చేతిపని. కళ్ళు మూసుకుని కూడా చేయగలదు. నేను పరీక్ష పెట్టి చూశాను, నిజమే.

ఒకరోజు నాన్న, "అత్తయ్యగారూ, భలే హాబీ అండీ మీది" అన్నాడు.

ఆ రాత్రి అమ్మమ్మ యథాప్రకారం అడిగింది, "హాబీ అంటే ఏంటే?"

"ఖాళీ టైములో సరదాగా చేసుకునే పనమ్మా" అని అమ్మ చెప్పింది.

అమ్మమ్మ పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. అమ్మ కాలేజీలో చదువుకుంటున్నప్పుడు ఫీజు డబ్బులు ఆ లేసు నుంచే వచ్చాయట. వంట అయ్యాక మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా అల్లేదట. పువ్వుకి ఇంత అని లెక్క. ఆ 'ఇంత' చాలా తక్కువ. ఊళ్ళోకి ఒకావిడ దారం పట్టుకొచ్చి ఇచ్చి, అల్లినవి పట్టుకెళ్ళేది. అక్కడి నుంచి అవి ఓడలెక్కి విదేశాలకు పోయేవి. అమ్మమ్మ అల్లిన పువ్వులు ఆవిడ కన్నా చాలా ముందే విదేశాలు చూశాయన్నమాట!

పెద్దయ్యాక నాకు ఇంకో సంగతి తెలిసింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం దగ్గర లేసు అల్లేవాళ్ళతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం వేశారు. ఈ ఆడవాళ్ళు రోజంతా పనిచేస్తున్నా అందరూ వాళ్ళని ఇంట్లో ఊరికే ఉండేవాళ్ళు అనుకుంటున్నారని అందులో రాశారు. మా నాన్న కూడా అలాగే అనుకున్నాడు పాపం. మీ అమ్మమ్మో నాయనమ్మో తాతయ్యో వస్తే, వాళ్ళు ఏం పని చేసేవాళ్ళో ఒకసారి అడగండి. "ఏం లేదు, ఇంట్లోనే" అంటే నమ్మకండి. ఇంకోసారి అడగండి.

ఇక పదకొండో అంతస్తు ఆంటీ గురించి చెప్పాలి. చైనీస్ ఆంటీ. హొక్కియెన్ మాట్లాడుతుంది, మలయ్ కొంచెం, ఇంగ్లీషు ఇంకా కొంచెం. రోజూ వాయిడ్ డెక్‌లో కోపీ తాగుతూ కూర్చునేది. ఒక సాయంత్రం అమ్మమ్మ చేతుల్నే చూస్తూ లేచి వచ్చింది. లేసు పువ్వుని వేళ్ళతో పట్టుకుని "ఐయ్యా!" అంది. కోనసీమలో ఎవరైనా పిలిస్తే, ఏదైనా ఒప్పుకుంటే "ఆయ్" అంటారు. ఆవిడ కూడా అదే అంటోంది అనుకుని అమ్మమ్మ కూడా "ఆయ్" అంది. ఆవిడ మళ్ళీ "ఐయ్యా" అంది. ఈవిడ మళ్ళీ "ఆయ్" అంది. ఇలా కొంతసేపు జరిగింది. తర్వాత ఆంటీ పైకి వెళ్ళి ఒక బిస్కట్ల డబ్బా పట్టుకొచ్చింది. అందులో దారం, సూది, సగం అల్లిన టోపీ. ఆవిడకీ ఈ విద్య వచ్చు!

అప్పుడు ఇద్దరూ తిరిగి నా వైపు చూశారు. మాట్లాడుకోవాలి, మధ్యలో నేనున్నాను.

నేను అప్పటిదాకా తెలుగులో వాక్యం పూర్తిగా మాట్లాడింది తక్కువ. ఆంటీ అడిగింది, నీకు ఇది ఎవరు నేర్పారని. నేను అమ్మమ్మ వైపు తిరిగి గొప్పగా అడిగాను, "నీకు ఇది ఎవరు నేర్చుకున్నారు?"

అమ్మమ్మ నవ్వకుండా చెప్పింది. "నేర్చుకుంది నేను. నేర్పింది మా అమ్మ."

నేర్చుకోవడం, నేర్పడం. ఈ రెండూ నేను ఇంకెప్పుడూ కలిపేయలేదు. మీరు కూడా కలిపేస్తుంటే ఈ కథ గుర్తుపెట్టుకోండి.

ఆంటీ "చెయిన్, చెయిన్" అంటూ వరసగా వేసిన ముడులు చూపించింది. చెయిన్‌ని తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. మెడలో గొలుసు పట్టుకుని చూపించాను. అమ్మమ్మ "గొలుసు" అంది, తన సూదితో అవే ముడులు వేసి చూపించింది. ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి! ఆంటీ చప్పట్లు కొట్టింది. నాకైతే లెక్కల పరీక్షలో నూటికి నూరు వచ్చినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి బడి నుంచి రాగానే బ్యాగు పడేసి కిందికి పరిగెత్తేవాణ్ణి. నేను లేకపోతే వాళ్ళకి కష్టం కదా. నిజానికి నేను లేకపోయినా వాళ్ళకి బాగానే సాగేది, ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది.

నాలుగు రోజులకి అమ్మమ్మ ఆంటీ వయసు అడిగించింది. ఆంటీ తన కన్నా రెండేళ్ళు పెద్ద. "అయితే వదినగారు" అంది. ఆంటీకి అమ్మమ్మ వదిన ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. వదిన అంటే అన్నయ్య భార్య కదా? అమ్మ చెప్పింది, స్నేహంగా ఉండే ఆడవాళ్ళు ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు, చుట్టరికం ఉండక్కర్లేదు అని. మనం ఇక్కడ ప్రతివాళ్ళనీ ఆంటీ, అంకుల్ అంటాం కదా, అలాగే. ఆంటీ దాన్ని "వాడీనా" అని పలికేది. బాగానే ఉండేది.

నాకు కూడా లేసు నేర్పమన్నాను. గుండ్రంగా ప్లేటులా అల్లడం మొదటి పాఠం. చుట్టూ తిరుగుతూ ప్రతి వరసలోనూ కొన్ని ముడులు పెంచుకుంటూ పోవాలి. నేను పెంచడం మర్చిపోయాను. అంచులు పైకి లేచి ముడుచుకుపోయాయి. అమ్మమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ప్లేటు అల్లమంటే గిన్నె అల్లావు. పోనీలే, గిన్నె కూడా కావాలిగా" అంది. విప్పేస్తానంటే ఒప్పుకోలేదు. అందులో ఇప్పుడు మా ఇంటి తాళాలు ఉంటాయి.

మూడో శనివారం పులావ్ ఉబిన్ వెళ్ళాం. "పులావ్ తినడానికి పొద్దున్నే ఎందుకే?" అని అమ్మమ్మ అమ్మని అడిగింది. మలయ్ భాషలో పులావ్ అంటే దీవి. ఈ మాట మీద నాన్న వారం రోజులు నవ్వాడు.

తంపినీస్ నుంచి 29వ నంబరు బస్సెక్కి చాంగీ విలేజ్ దగ్గర దిగాం. అక్కడ రేవు నుంచి బమ్‌బోటు అనే చిన్న పడవలో వెళ్ళాలి. ఆ పడవకి టైమ్‌టేబుల్ లేదు. పన్నెండుమంది వస్తేనే కదులుతుంది. అమ్మమ్మ బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఎనిమిది... తొమ్మిది... ఇంకా ముగ్గురు." ఆవిడ ముఖం అంత వెలిగిపోవడం నేను సెంతోసాలో చూడలేదు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇంతేనట. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం వెళ్ళాలంటే గోదావరి దాటాలి. పంటు అని వెడల్పాటి పడవ ఉంటుంది. జనం, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు అన్నీ దానిమీదే. లేసు దారం తెచ్చుకోవడానికి, అల్లినవి ఇవ్వడానికి పంటు మీద వెళ్ళిన రోజులు చెప్పింది. నేను అడిగాను, "నీకు భయం వేసేదా?" "గోదారంటే భయమేంట్రా? మా ఇంటి ముందుదేగా" అంది. మేం మాట్లాడుకుంటున్నాం అని నాకు అప్పుడు తట్టింది. మధ్యలో అమ్మ లేదు. ఇంగ్లీషు లేదు.

పడవలో పది నిమిషాలే. ఉబిన్‌లో ఎత్తైన బిల్డింగులు లేవు. ఒకప్పుడు అక్కడ గ్రానైట్ రాయి తవ్వేవాళ్ళు. సింగపూరుకి దూరంగా సముద్రంలో ఉన్న హార్స్‌బర్గ్ లైట్‌హౌసుని 1851లో ఆ రాయితోనే కట్టారని నాన్న గైడులా చెప్పుకుంటూ పోయాడు. రాయి తవ్విన గోతుల్లో ఇప్పుడు నీళ్ళు నిండి చెరువుల్లా ఉన్నాయి. నాన్నా నేనూ సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. అమ్మ, అమ్మమ్మ వ్యాన్‌లో వచ్చారు. అందరం చెక్ జావా చేరాం.

చెక్ జావా మీరు చూడకపోతే తప్పకుండా వెళ్ళండి, ఆటుపోటు టైము చూసుకుని. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి వెళ్ళి ఇసుక, బురద బయటపడతాయి. ఈ చోటుని మట్టితో పూడ్చేయాలని ఒకప్పుడు అనుకున్నారు. 2001లో జనం వచ్చి చూసి, వద్దని ఉత్తరాలు రాస్తే ఆపారు. 2007 నుంచి చెక్క వంతెన లాంటి దారి ఉంది. దాని మీద నడుస్తూ కింద పీతల్ని, బురదలో గెంతే చేపల్ని చూడొచ్చు.

బళ్ళో సైన్సు పాఠంలో నేను మాంగ్రోవ్ చెట్ల గురించి చదివాను. అమ్మమ్మకి చెబుదాం అనుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ఆగిపోయాను. ఆవిడ కింద బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళని చూసి, "ఇవి మడ చెట్లురా. మా అంతర్వేది దగ్గర కూడా ఉంటాయి. బురదలో వేరుకి ఊపిరాడదు. అందుకని ముక్కు బయటపెట్టి గాలి పీల్చుకుంటాయి" అంది. మా టీచరు బోర్డు మీద గీసిందీ అదే. కాకపోతే ముక్కు అనలేదు. అంతర్వేది అంటే గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోటు. అక్కడి బురదా ఇక్కడి బురదా ఒకేలా ఉంటాయని అమ్మమ్మ తేల్చింది. కొబ్బరి బొండం ఒప్పుకోలేదు. రేవు దగ్గర ఒకటి కొని తాగించాం. ధర రూపాయల్లోకి మార్చి చెప్పగానే స్ట్రా నోట్లోంచి తీసేసింది. "మా పెరట్లో నూట పది చెట్లున్నాయిరా" అని తిరిగి వచ్చేదాకా బాధపడింది.

ముప్పై రోజులు అయిపోయాయి. సూట్‌కేసు మళ్ళీ తెరిచాం, ఈసారి సర్దడానికి. ఆంటీ సగం అల్లిన టోపీ పూర్తిచేసి అమ్మమ్మకి ఇచ్చింది. సఖినేటిపల్లి ఎండలో ఉన్ని టోపీ ఎందుకని అమ్మమ్మ అడగలేదు, తలకి పెట్టుకుని చూపించింది. లేసు పువ్వులు పన్నెండు అతికించి ఆంటీకి ఇచ్చింది. అతుకుపని తనది కాకపోయినా రెండు రాత్రులు కూర్చుని చేసింది.

చాంగీలో లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర అమ్మమ్మ అమ్మని పట్టుకుంది, నాన్నకి జాగ్రత్తలు చెప్పింది. చివరికి వంగి నా బుగ్గ పట్టుకుంది.

"సరేరా నాన్నా, మీ నైబర్ వెళ్ళొస్తుంది."

నా కాళ్ళ కింద నేల కదిలింది. అమ్మ వైపు చూశాను. అమ్మ చిన్నగా తల ఊపింది. ఆ రోజు రాత్రే అడిగిందట, "నైబర్ అంటే ఏంటే?" అని. అమ్మ చెప్పిందట. ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు నాతో వాయిడ్ డెక్‌లో కూర్చుంది, నాకు గొలుసు నేర్పింది, నా బ్యాగు మోసింది. ఒక్క మాట అనలేదు.

నేను సారీ అనబోయాను. సారీకి తెలుగులో ఏమంటారో నాకు రాదు. ఏడ్చాను. ఆవిడ కొంగుతో నా ముక్కు తుడిచి, లోపలికి వెళ్ళిపోయింది, ఉన్ని టోపీ చేతిలో పట్టుకుని.

ఆ తర్వాత నేను రెండుసార్లు సఖినేటిపల్లి వెళ్ళాను. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని వార్త చదివి ఫోన్ చేస్తే, "అయితే రేటు పెంచుతారా?" అని అడిగింది. ఆవిడ మారలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు పదమూడేళ్ళు. సంక్రాంతి ముందు. బట్టలు కొనడానికి నర్సాపురం బయలుదేరాం. రేవులో పంటు ఎక్కాం. పన్నెండుమంది కాదు, వందమంది ఉన్నట్టున్నారు. పాల క్యాన్లు, అరటి గెలలు, మోటారు సైకిళ్ళు. గోదావరి మట్టిరంగులో, ఇంత వెడల్పున. పక్కన బైకు మీద కూర్చున్న ఒకాయన నా బూట్ల వైపు, నా వైపు చూసి అమ్మమ్మని అడిగాడు.

"ఎవరండీ బాబు? మీ మనవడాండీ?"

అమ్మమ్మ నీళ్ళ వైపు చూస్తూ తాపీగా చెప్పింది. "కాదండీ. మా నైబరండి."

ఆయనకి అర్థం కాక నా వైపు తిరిగాడు.

"ఆయ్" అన్నాను. "పక్కిల్లేనండి."